చేతి రుచి మీద నా అభ్యంతరం

గత మాఘమాసంలో మా బంధువుల ఇంట ఒక షష్టిపూర్తి జరిగింది. భోజనాలకు ముందు మైకు పట్టుకున్న ప్రతివారూ ఆ ఇంటి ఇల్లాలి వంటను పొగిడారు. ఆవిడ నాకు పిన్ని వరుస. కొలతలు చూడకుండా వండుతుందని ఒకరు, కూరలో ఆవిడ వేసే అసలు దినుసు ప్రేమేనని ఇంకొకరు, ఆ చేతి మహిమే వేరని మరొకరు చెప్పుకుంటూ పోయారు. చివరకు ఆవిడకే మైకు ఇచ్చి, దోసకాయ పప్పు అంత రుచిగా ఎలా వస్తుందో చెప్పమంటే, కాసేపు ఆలోచించి, "పప్పు మెత్తగా ఉడికిన తరువాతనే చింతపండు రసం పోస్తాను, అంతకంటే ఏమీ లేదు" అని మైకు తిరిగి ఇచ్చేసింది. అందరూ నవ్వి, ఆవిడ వినయానికి చప్పట్లు కొట్టారు. ఆవిడ వినయం చూపలేదని, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిందని గ్రహించినవారు ఆ పందిట్లో ఎందరున్నారో నాకు అనుమానమే.

ఇంటివంటకు రుచి ప్రేమ వల్ల వస్తుందనే మాటను నేను నమ్మను. ప్రేమ లేకపోయినా ఫరవాలేదని నా ఉద్దేశం కాదు. మనసు పెట్టి వండిన భోజనానికీ, వండామనిపించుకున్న భోజనానికీ తేడా ఉందని నాకు బాగా తెలుసు. అయితే ఆ తేడా వండేవారి గుండెలో ఉన్న భావం వల్ల గాక, వారికి తెలిసిన పని వల్లా, తినేవారి గురించి వారు తెలుసుకుని గుర్తుంచుకున్న సంగతుల వల్లా వస్తుందని నా అభిప్రాయం. ఈ రెండింటినీ కలిపి ప్రేమ అని పిలిచి ఊరుకోవడం వల్ల మనం వండేవారికి గౌరవం ఇస్తున్నామనుకుంటాం గాని, నిజానికి వారు చేసినదాన్ని చూడకుండా తప్పించుకుంటున్నాం.

చేయి కూడా ఒక కొలతే

పిన్ని చెప్పిన పప్పు సంగతితోనే మొదలుపెడతాను. కందిపప్పు మెత్తబడాలంటే దాని కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరగాలి. పులుపు తగిలితే అది సులభంగా కరగదు. అందువల్ల పప్పుతోపాటే చింతపండు వేస్తే ఎంతసేపు మంట మీద ఉంచినా పప్పు పలుకుగానే మిగులుతుంది. కొన్ని బోరు నీళ్ళలో పప్పు ఉడకకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ గోడలను ఇంకా గట్టిపరుస్తాయి. పిన్నికి పెక్టిన్ పేరు తెలియకపోవచ్చు. కాని ఏది ముందు, ఏది తరువాత అన్నది తెలుసు, ఎప్పుడూ తొందరపడకూడదన్నదీ తెలుసు. ఇంటికి కొత్తగా వచ్చిన నీళ్ళను బట్టి పప్పును ముందుగా నానబెట్టుకోవాలన్నది కూడా తెలుసు.

మా కోనసీమలో పనసపొట్టు కూరకు ఆవ పెట్టడం మరొక ఉదాహరణ. ఆవాలను నీటితో కలిపి నూరినప్పుడే వాటిలోని ఘాటు పుడుతుంది. గట్టిగా వేడి తగిలితే ఎగిరిపోతుంది. అందువల్ల కూరను పొయ్యి మీద నుంచి దించి, చల్లారనిచ్చి, ఆ తరువాతనే ఆవ ముద్ద కలుపుతారు. పొయ్యి మీద ఉండగానే కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. చలికాలంలో పెరుగుకు తోడు కొంచెం ఎక్కువ వేసి గిన్నెను వెచ్చని మూలలో ఉంచడం, కోసిన వంకాయ ముక్కలను నల్లబడకుండా ఉప్పు నీళ్ళలో వేయడం, చారు పొంగు రాగానే దించేయడం వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు చెడగొట్టి, గమనించి, మార్చుకుని, ఇంకొకరికి అందించిన జ్ఞానం.

ఇక కొలతలు చూడకుండా వండడం గురించి. ఒకసారి మా అమ్మ వండుతుండగా పక్కన డిజిటల్ తూకం పెట్టి, ఆవిడ గిన్నెలో వేయబోయే ప్రతి చిటికెడునూ, ప్రతి గుప్పెడునూ ముందు దాని మీద వేయించాను. విసుక్కుంటూనే వేసింది. ఉప్పు విషయంలో ఒక రోజుకూ ఇంకొక రోజుకూ మధ్య కనిపించిన తేడా చాలా స్వల్పం. కొలత లేదని మనం అనుకుంటున్న చోట, దశాబ్దాలుగా అదే చేయి, అదే గిన్నె, అదే గరిటె వాడడం వల్ల స్థిరపడిన కొలత ఉంది. ఆ గిన్నె మార్చి చూడండి. రెండు పూటలపాటు ఆవిడ వంట కూడా తడబడుతుంది. మా తమ్ముడు అమ్మకు కొత్త స్టీలు గిన్నెల సెట్టు కొనిచ్చినప్పుడు సరిగ్గా అదే జరిగింది. ఆ రెండు రోజులూ ఆవిడకు మా మీద ప్రేమ తగ్గిందని ఎవరూ అనలేదు, అది వేరే విషయం.

నా అభ్యంతరానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. రుచి ప్రేమ వల్ల వస్తుందని ఒప్పుకుంటే, రుచి కుదరకపోవడానికి ప్రేమ లేకపోవడమే కారణమని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి చేసిన పులుసు నీళ్ళగా ఉంటే, చింతపండు ఎంత నానబెట్టావని అడిగే ఇళ్ళు తక్కువ. "మనసు పెట్టి చేయలేదు" అనే ఇళ్ళే ఎక్కువ. పనిలో వచ్చిన లోపాన్ని సరిదిద్దవచ్చు. మనసులో లోపం ఉందని తేల్చిన తరువాత ఆ అమ్మాయి ఏం చేయగలదు? కొడుకుల విషయంలో ఇదే మాట తలకిందులుగా పనిచేస్తుంది. చేతి మహిమ అనేది పుట్టుకతో రావలసిందే అయితే, వారు నేర్చుకోకపోవడానికి అంతకంటే మంచి సాకు ఇంకొకటి దొరకదు.

తినేవారు తెలియడం

అయితే పని తెలియడం ఒక్కటే సరిపోతే హోటలు భోజనం ఇంటి భోజనాన్ని ఎప్పుడో మించిపోయి ఉండేది. హైదరాబాదులో దాదాపు ప్రతి కాలనీలోనూ ఒక కర్రీ పాయింట్ ఉంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రెండు కూరలు, ఒక పప్పు, ఒక సాంబారు ప్యాకెట్లు కట్టించుకుని, ఇంటికి వెళ్ళి కుక్కరులో అన్నం మాత్రం వండుకునే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ కూరలు చేసేవారి పనితనాన్ని నేను తక్కువ చేయను. నిజం చెప్పాలంటే వారి గుత్తివంకాయ కూర నా కూర కంటే బాగుంటుంది. కాని వారు కాలనీ మొత్తానికి ఒకే గిన్నెలో వండాలి. ఎవరికీ మరీ కారం కాకూడదు, ఎవరికీ మరీ చప్పగా ఉండకూడదు. ఎవరినీ దృష్టిలో పెట్టుకోకుండా అందరికీ సరిపోయేలా వండడమే వారి వృత్తిలోని నైపుణ్యం. ఇంటివంట చేసేవారి పని దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఈ సంగతి నాకు అర్థమైనది మా అత్తమ్మ వల్ల. మాది కోనసీమ, మా అత్తవారిది కరీంనగర్ వైపు. పులుసులో బెల్లం వేయడం మా ఇంట్లో ఎంత సహజమో, అక్కడ అంత వింత. వారి పచ్చిపులుసును పొయ్యి మీద పెట్టరు. చింతపండు రసంలో ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయలు, నువ్వుల పొడి కలిపి అలాగే వడ్డిస్తారు. ఇప్పుడు నాకది ప్రాణం గాని, ఆ రోజుల్లో మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొత్త కోడలు వంట గురించి ఏం చెబుతుంది? మజ్జిగ ఎక్కువ పోసుకుని తినేసేదాన్ని. అత్తమ్మ ముభావి, నవ్వుతూ పలకరించిన రోజులు తక్కువ. అట్లాంటిది ఒక మధ్యాహ్నం అందరికీ పులుసు వడ్డించిన తరువాత ఒక చిన్న గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "ఇగో, ఇండ్ల బెల్లమేసిన. ఇది నీకే. రోజూ మజ్జిగ తోటి తింటె బలముంటదా?" అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పులుసులో బెల్లం మరీ ఎక్కువైంది, మా అమ్మ చేసే దానితో పోలిక లేదు. అయినా నేను గిన్నె ఖాళీ చేశాను.

ఆ రోజుకు అత్తమ్మకు నా మీద ప్రేమ ఏర్పడిందని నేను అనుకోను. అప్పటికి మేము ఒకరికొకరం ఇంకా పరాయివాళ్ళమే. ఆవిడ చేసిందల్లా నా కంచం వైపు చూడడం. మజ్జిగ గిన్నె ఎందుకు తొందరగా ఖాళీ అవుతోందో ఆలోచించి, తనకు ఏమాత్రం నచ్చని పద్ధతిలో నా కోసం వేరుగా వండింది. మా మధ్య ఆప్యాయత తరువాతి సంవత్సరాలలో వచ్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి గాని, ఆ చిన్న గిన్నె వాటిలో మొదటిది. ప్రేమ ఉన్నది కనుక శ్రద్ధ చూపిందనే వరుస కంటే, శ్రద్ధ చూపుతూ ఉండగా ప్రేమ ఏర్పడిందనే వరుసే నా అనుభవంలో నిజమైంది.

ఏ ఇంట్లోనైనా ఒక పూట వంటను దగ్గరగా నిలబడి చూస్తే ఈ శ్రద్ధ ఎన్ని రూపాలలో ఉంటుందో కనిపిస్తుంది. రక్తపోటు ఉన్న మామయ్యగారికి ఉప్పు వేయకముందే కూర కొంత తీసి పక్కన పెడతారు. పళ్ళు కదులుతున్న అమ్మమ్మకు అన్నం ఇంకొక గుక్కెడు నీళ్ళు పోసి మెత్తగా వండుతారు. జ్వరం తగ్గి లేచిన పిల్లవాడికి కందిపప్పు మాని పెసరపప్పు కట్టు చేస్తారు. బాలింతకు పథ్యం కారం వేరుగా దంచుతారు. పరీక్షలున్న రోజున అమ్మాయికి నిద్ర రాకుండా ఉండాలని అన్నం తగ్గించి ఉప్మా పెడతారు. ఇవేవీ ఏ వంటల పుస్తకంలోనూ ఉండవు, ఎందుకంటే పుస్తకం రాసేవారికి మీ అమ్మమ్మ పళ్ళ సంగతి తెలియదు.

ప్రేమ ఉండి, చూపు లేనప్పుడు

నా మాటకు మొదటి ఎదురుమాట మా అక్క నుంచి వచ్చింది. శ్రద్ధ అనేది ప్రేమకు ఇంకొక పేరు మాత్రమేనని, నేను లేని తేడాను పట్టుకుని వాదిస్తున్నానని ఆవిడ అంది. చాలా సందర్భాలలో అవి రెండూ కలిసే ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను. కాని విడిపోయిన సందర్భాలు ఉన్నాయి. వాటిని చూసినప్పుడే ఏది ఏ పని చేస్తున్నదో తెలుస్తుంది.

మా మేనమామకు చాలా ఏళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. పండుగకు అందరం చేరినప్పుడు ఆయన విస్తరిలో బొబ్బట్టు మీద బొబ్బట్టు పడుతూనే ఉంటుంది. "ఒక్కటి తింటే ఏమవుతుంది అన్నయ్యా" అని చెల్లెళ్ళు, "నా చేత్తో చేశాను మామయ్యా" అని మేనకోడళ్ళు, పైన ఒక గరిటె నెయ్యితో సహా వేస్తారు. వీరందరి ప్రేమను నేను శంకించలేను. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా కూర్చున్నవారు వీరే. ఆయన కోడలు మాత్రం బొబ్బట్లు తెచ్చేలోపే ఆయనకు బీరకాయ కూర, ముద్దపప్పు, మజ్జిగ పులుసు ముందుగా వడ్డించి, కడుపు సగం నిండిన తరువాత సగం బొబ్బట్టు తెచ్చి పెడుతుంది. ముందుగా కూర, పప్పు తింటే చక్కెర ఒక్కసారిగా పెరగదని ఆమెకు వైద్యుడు చెప్పాడు. ఆమె దాన్ని గుర్తుంచుకుంది. బంధువులలో ఆమెకు పెడసరం మనిషి అని పేరు. పెద్దాయన నోటి దగ్గరి తీపి లాక్కుంటున్నదని వెనుక అనుకుంటారు. ఆ పంక్తిలో ఆయన కోసం మనసు పెట్టి వడ్డించినది ఎవరని నన్ను అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

ఊరగాయల విషయంలో కూడా ఇంతే. పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన అన్నంలో మొదటి ముద్ద ఆవకాయతో, చివరి ముద్ద మాగాయతో సాగుతుంది. వద్దన్నవారికి కూడా కొసరి కొసరి వడ్డించడాన్ని మనం మర్యాద అనుకుంటాం. ఇంకొంచెం వేసుకోమనడంలో ఆప్యాయత ఉంది, సందేహం లేదు. కాని ఎదుటివారు చాలన్నప్పుడు వారి మాట వినకపోవడం కూడా అందులోనే ఉంది. ఇది రాస్తున్నందుకు మా గోదావరి జిల్లాలవారు నన్ను వెలివేస్తారేమో.

ఇక రెండవ వైపు. తన వారు కాని వారికి మనసు పెట్టి వండడం సాధ్యమా అన్న ప్రశ్నకు నా ప్రాంతంలోనే పెద్ద సమాధానం ఉంది. 1841 నుంచి 1909 వరకు జీవించిన డొక్కా సీతమ్మగారు లంకల గన్నవరంలో గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు, కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టారు. ఆవిడ పెట్టినది తన పిల్లలకు కాదు, బహుశా మళ్ళీ ఎప్పుడూ కనిపించని మనుషులకు. వారి ఇష్టాయిష్టాలు ఆవిడకు తెలిసే అవకాశం లేదు కదా, మరి నీ వాదం ఏమవుతుందని అడగవచ్చు. ఇది నేను చాలాకాలం ఆలోచించిన ప్రశ్న. నాకు తోచిన జవాబు ఏమిటంటే, ఆవిడకు మనుషులు తెలియకపోయినా వారు ఏ స్థితిలో వస్తున్నారో తెలుసు. రేవు దాటి అర్ధరాత్రి చేరిన మనిషికి ఆకలి వేళలు చూసుకుని వేయదు. ఆ సంగతిని పట్టుకుని తన వంటింటి వేళలను మార్చుకోవడమే ఆవిడ చూపిన శ్రద్ధ. ఈ జవాబు అందరినీ ఒప్పిస్తుందని అనుకోను. దాన్ని మహాప్రేమ అని పిలిచేవారితో నేను గట్టిగా తగాదా పడను కూడా.

అంతటి మనుషులు అరుదు గాని, ఆ లక్షణం అరుదు కాదు. మా అక్క ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. వారి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు, సోమవారం ఉదయం ఇంట్లో ఏమీ తినకుండా వచ్చే పిల్లలెవరో తెలుసట. ఆ పిల్లల కంచంలో మొదటిసారే ఎక్కువ అన్నం వేస్తుందట, మళ్ళీ అడగడానికి సిగ్గుపడతారని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టింది. పేరు సముచితమైనదే. ఇక వండే చేతులకు వచ్చే ప్రతిఫలం సంగతి: 2009లో కేంద్రం వారికి నెలకు 1000 రూపాయలు నిర్ణయించి, దానికి గౌరవ వేతనమని పేరు పెట్టింది. తరువాత కొన్ని రాష్ట్రాలు తమ వంతు కలిపి పెంచాయి. అన్నపూర్ణ అని పిలవడం సులభం కనుక పిలుస్తాం. చెల్లించవలసి వచ్చినప్పుడు మాత్రం గౌరవం గుర్తుకు వస్తుంది.

లెక్కకు రాని భాగం

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఇంటివారి కోసం జీతం లేకుండా చేసే ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని అందులో తేలింది. అసలు ఆ పనుల్లో పాల్గొనేవారే స్త్రీలలో 81.2 శాతం కాగా, పురుషులలో 26.1 శాతం. 2021 జనవరిలో, ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల పిల్లలకు రావలసిన పరిహారం కేసులో సుప్రీం కోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఈ లెక్కలను ఉదహరించి, గృహిణి పనికి ఆదాయ విలువ కట్టవలసిందేనని రాశారు. తీర్పులో ఆయన చెప్పిన పనుల జాబితాలో వంట ముందు వరుసలో ఉంటుంది.

ఆ నిమిషాల్లోకి రాని భాగం ఇంకొకటి ఉందని నా అనుమానం. పొయ్యి ముందు నిలబడిన సమయాన్ని సర్వేలు నమోదు చేయగలవు. రాత్రి పడుకోబోతూ, రేపు చిన్నదానికి పరీక్ష, పెద్దాయనకు ఉపవాసం, వచ్చే చుట్టాలకు వెల్లుల్లి పనికిరాదు, పెరుగు తోడు పెట్టానా లేదా అని లెక్క వేసుకునే సమయాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు? నేను మనసు పెట్టడం అంటున్నది సరిగ్గా దీనినే. ఇది వంటలో అలసట పుట్టించే భాగం కూడా. కూరగాయలు కోసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చు, మిక్సీ ఉంది, కుక్కరు ఉంది. ఎవరికి ఏమి కావాలో గుర్తుంచుకునే బాధ్యతను మాత్రం ఎవరూ పంచుకోరు. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అని మగవారు అనడం ఈ మధ్య పెరిగింది, సంతోషమే. అయితే అందులో చేయడం మాత్రమే వారి వాటాకు వస్తున్నది. ఏం చేయాలో ఆలోచించడం పాత చోటనే ఉండిపోతున్నది.

దీనికి నా స్నేహితురాలు చెప్పిన అభ్యంతరం బలమైనది. నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెడితే పిల్లలకు అన్నం పెట్టడంలో ఉన్న ఆనందం పోతుందని, తనకు ఆ ఆనందం కావాలని, దాన్ని శ్రమ అని పిలవవద్దని ఆమె అంటుంది. ఆమె ఆనందం నిజమైనదే. సంక్రాంతికి ఆమె సకినాలు చుట్టేటప్పుడు చూడాలి. కొత్తబియ్యం పిండిలో నువ్వులు, వాము కలిపి, శుభ్రమైన గుడ్డ మీద వేళ్ళతో పిండిని మెలిపెడుతూ వలయాలుగా తిప్పే ఆ పని నాకు ఇప్పటికీ చేతకాదు. వాడలోని ఆడవారంతా ఒకచోట చేరి మాటల మధ్య చేసే ఆ పనిలో అలసట ఎవరికీ గుర్తుండదు. కాని ఆ ఆనందం ఏడాదికి ఒకసారి, పదిమంది చేతులు కలిసినప్పటి ఆనందం. ప్రతి రోజూ ఉదయం ఐదున్నరకు ఒక్క మనిషి మూడు రకాల టిఫిన్ డబ్బాలు నింపేటప్పుడు ఉండేది వేరు. రెండింటినీ ఒకే మాటతో పొగిడితే మొదటిదాని వెలుగు రెండవదాని మీద పడి, అక్కడి బరువు కనిపించకుండా పోతుంది.

కర్రీ పాయింట్ కూర కొనుక్కున్నందుకు తప్పు చేసినట్లు చెప్పుకునే ఆడవారిని చూసినప్పుడు నాకు కోపం వస్తుంది, వారి మీద కాదు. రోజంతా పనిచేసి రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, కొన్న కూరతో అన్నం కలిపి, ఆ రోజు బడిలో జరిగింది వింటూ, పిల్లవాడికి బెండకాయ నచ్చదని ముక్కలు ఏరి తన కంచంలో వేసుకుంటే, మనసు పెట్టి తినిపించడానికి అక్కడ ఏం తక్కువైంది?

నేర్చుకోగలిగినదే

ఇది శ్రద్ధే అయితే నేర్చుకోవడం సాధ్యం కావాలి. అందుకు నేను దగ్గరగా చూసిన ఉదాహరణ మా బాబాయిది. పిన్నికి శస్త్రచికిత్స జరిగి కొన్ని నెలలు వంటింట్లో నిలబడకూడదన్నారు. షష్టిపూర్తి పిన్ని కాదు, ఈవిడ వేరు. బ్యాంకులో పదవీ విరమణ చేసిన బాబాయికి అప్పటివరకు కాఫీ కలపడం మాత్రమే వచ్చు. ఒక పాత డైరీ తీసుకుని, పిన్నిని మంచం మీద కూర్చోబెట్టి అడిగి, చారుకు చింతపండు నిమ్మకాయంత, ధనియాలు ఇన్ని, మిరియాలు ఇన్ని అని రాసుకున్నాడు. వంట త్వరగానే వచ్చింది, ఎందుకంటే లెక్కలు రాసుకోవడం ఆయనకు అలవాటే.

రానిది రెండవ భాగం. నీకేం కావాలని పిన్నిని అడిగితే ఆవిడ, "మీకు చారు ఇష్టం కదా, చారే పెట్టండి" అనేది. మళ్ళీ అడిగితే "ఏదైనా ఫరవాలేదు" అనేది. ఇన్నేళ్ళుగా ఇంట్లోవారి ఇష్టాలన్నీ గుర్తుంచుకున్న మనిషికి తన ఇష్టం చెప్పడం రాలేదు, లేదా చెబితే వినేవారు ఉంటారనే అలవాటు లేదు. బాబాయి అడగడం మానేసి చూడడం మొదలుపెట్టాడు. ఏ గిన్నె ఖాళీగా తిరిగి వస్తున్నది, దేన్ని చివర వరకు మిగిల్చింది, ఏ రోజు రెండవసారి అన్నం కలుపుకుంది అని డైరీలో చారు లెక్కల కిందనే రాసేవాడు. మెంతులు కాస్త ఎక్కువ పడిన మజ్జిగ పులుసంటే ఆవిడకు ఇష్టమని ఆ విధంగా కనిపెట్టాడు. ఆయన వంటలో అప్పటికి రుచి అంతంత మాత్రమే. అయినా పిన్ని మాతో ఫోనులో ఆ మజ్జిగ పులుసు గురించి పదే పదే చెప్పింది. కారణం రుచి కాదని మాకందరికీ తెలుసు.

ఆయన పిన్నిని అప్పుడే కొత్తగా ప్రేమించడం మొదలుపెట్టలేదు. పెళ్ళైన నాటి నుంచీ ఆ ప్రేమ ఉంది, దానికి చుట్టాలందరమూ సాక్షులమే. లేనిది ఆ చూపు.

నా వాదానికి ఇంకా లొంగని మనిషి ఒకడున్నాడు, మా తమ్ముడు. డల్లాస్‌లో ఉంటాడు. నేను తూకం పెట్టి రాసిన అమ్మ కొలతలన్నీ వాడి దగ్గర ఉన్నాయి. గ్రాముల లెక్కన అమ్మ చారు అచ్చంగా కాచినా అది అమ్మ చారు కావడం లేదని, నీ సిద్ధాంతం ప్రకారం పనితనం ఉంది, తినేవాడి గురించి వండేవాడికి పూర్తిగా తెలుసు, ఎందుకంటే ఇద్దరూ నేనే కదా, మరి ఏం తక్కువైందని వాడు అడుగుతాడు. అక్కడి నీళ్ళు వేరు, చింతపండు వేరు, గంటసేపు పొయ్యి దగ్గర ఆ వాసన పీల్చినవాడికి కూర్చునే సరికి ఆకలి మందగిస్తుంది అని నాకు తోచిన కారణాలన్నీ చెప్పాను. అవన్నీ నిజమే గాని సరిపోవని వాడి వాదన. తనను తాను గమనించుకోవడం, ఇంకొకరి కంటబడడం ఒకటి కావని వాడు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. బహుశా ఆ మాట నా వైపే మొగ్గుతుందేమో కూడా, వాడితో ఆ సంగతి అనలేదు.

ఈ మధ్య వాడి ఇంటికి దగ్గరలో చదువుకుంటున్న ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు శనివారాలు భోజనానికి వస్తున్నారు. వారిలో ఒకరు వెల్లుల్లి తినరు. పోయిన వారం వాడు అమ్మకు ఫోను చేసి, కొలతలు అడగకుండా, వెల్లుల్లి లేని చారుకు పోపులో ఏం వేస్తే బాగుంటుందని అడిగాడట. ఇంగువ కొంచెం పెంచి, నేతిలో పెట్టమని అమ్మ చెప్పింది.